మా వంటింట్లోంచి పోయే కాలిబాట

ఆంబ్రోస్ యెల్లండ్ గారు నేలను నమ్మరు. పటాన్ని నమ్ముతారు. ఆ పటం కూడా ఇప్పటిది కాదు. విక్టోరియా రాణికి పెళ్ళయిన కొత్తలో ఎవరో సర్వేయరు ఇంగ్లండులో, డెవన్ జిల్లాలో ఉన్న మా డ్రూకూమ్ ఊరంతా గొలుసు లాగి కొలిచి గీసినది. అందులో ఉన్నది ఉంది. అందులో లేని గోడకు మీరు తల కొట్టుకుని బొప్పి కట్టించుకున్నా సరే, ఆ గోడ లేదు.

దాన్ని మేము పదోవంతు పటం అంటాం. పూర్వం రైతు పండించినదాంట్లో పదో వంతు చర్చికి చెందేది. పదో గోధుమ పన, పదో పందిపిల్ల, పదో గుడ్డు. పాదరీలకు పందిపిల్లలతో విసుగొచ్చిందో, రైతులకు పాదరీలతో విసుగొచ్చిందో, చివరికి దాన్ని రొక్కం కిందికి మార్చారు. ఎవరి మడి ఎంతో తెలియాలి కదా. అందుకని ఊరూరా పటాలు గీశారు. ప్రతి మడికీ ఒక అంకె. ఆ అంకె పట్టుకుని వెళ్తే సొంతదారెవరో, సాగుదారెవరో, మడి పేరేమిటో తెలుస్తుంది. తాతముత్తాతల్ని వెతుక్కునేవాళ్ళకు అంతకంటే మంచి చోటు లేదు. లోకమంతా ఆ పటాన్ని వెతకడానికి వాడుతుంది. యెల్లండ్ గారు నడవడానికి వాడతారు.

పోస్టాఫీసు ముందు తారు రోడ్డు నున్నగా ఉంటుంది. ఆయన అక్కడికి రాగానే పక్కకు జరిగి, విల్లులా వంపు తిరిగి వెళ్తారు. పటంలో అక్కడ గుర్రాలు నీళ్ళు తాగే గుంట ఉంది. దాన్ని పూడ్చినవాళ్ళ మనవలు కూడా ఇప్పుడు లేరు. ఆయన కుక్క కూడా తిరిగే వెళ్తుంది. దాన్ని చూసి ఊళ్ళో మిగతా కుక్కలు. కొత్తగా వచ్చిన పాదరీ గారు నెల తిరక్కముందే గుంట చుట్టూ నడవడం మొదలుపెట్టారు.

“ఎందుకండీ?” అని అడిగాను.

“ఏమో తల్లీ, అందరూ తిరుగుతున్నారు. లోతెంతో ఏమో,” అన్నారాయన.

నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. గుమ్మంలో బూట్లు విప్పుతుండగా గుర్తొచ్చింది. నేనూ తిరిగే వచ్చాను.

ఒక వేసవిలో కెనడా నుంచి టకెట్ దంపతులు వచ్చారు. వాళ్ళ పూర్వీకురాలు జోన్ టకెట్ అనే విధవ ఈ ఊరి నుంచే ఓడ ఎక్కిందట. ఆవిడ ఇల్లు ఎక్కడో చూడాలట. యెల్లండ్ గారు పటం విప్పి, అంకె చూసి, “కుటీరం, తోట. పదండి,” అన్నారు. తిన్నగా బస్సు ఆగే చోటికి తీసుకెళ్ళారు. మూడు వైపులా రేకు, లోపల ఒక బల్ల. ముందు ఆయన నడుం వంచి, తల దించి లోపలికి వెళ్ళారు.

“తల జాగ్రత్త. ద్వారబంధం కిందికి ఉంది.”

భార్యాభర్తలిద్దరూ తలలు దించారు. ఆకాశం వాళ్ళ నెత్తికి చాలా ఎత్తున ఉంది.

“ఇది పొయ్యి. ఇక్కడ మంచం. వాన ఆ మూల నుంచి కారేది,” అన్నారాయన.

“వాన సంగతి కూడా పటంలో ఉందా?” అని ఆ భర్త.

“డెవన్‌లో దానికి పటం అక్కర్లేదు.”

ఆవిడ పొయ్యి ఉన్న చోట చేతులు చాపి వెచ్చబెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. ఇంతలో బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. “ఎక్కేవాళ్ళున్నారా?”

“ఇంట్లో చుట్టాలున్నారు నాయనా. తర్వాత బస్సుకు వస్తారు,” అన్నారు యెల్లండ్ గారు.

బస్సు వెళ్ళిపోయింది. నాకు ఆ బస్సే కావాలి. కానీ నేనూ విధవ టకెట్ ఇంట్లోనే, మంచం వైపు మూలన నిలబడి ఉన్నాను. చుట్టాల మధ్యలోంచి తోసుకుని ఎలా వెళ్తాను?

నా సంగతి చెప్పాలి. పేరు బెరిల్ హెక్స్ట్. రిటైరయ్యేదాకా బడిలో భూగోళం చెప్పాను. యెల్లండ్ గారు పళ్ళ డాక్టరు. డ్రూకూమ్‌లో సగం నోళ్ళు ఆయన తెరిపించారు, మిగతా సగం నేను మూయించాను. అందువల్ల ఊళ్ళో మా ఇద్దరి మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. చిక్కల్లా మాలో ఒకరి మాటకు ఇంకొకరు ఎదురు చెప్పినప్పుడే.

మా ఆయన రోలండ్ వంశం ఈ ఇంట్లో తరతరాలుగా ఉందని నేను వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. భోజనాల గదిలో దూలం చూపించి, “హెక్స్ట్‌లు ఈ దూలం కింద కూర్చునే ఊరి తగవులు తీర్చేవాళ్ళు,” అనేదాన్ని. ఎవరు చెప్పారో నాకు తెలీదు. బహుశా నేనే. ఒకరోజు యెల్లండ్ గారిని భోజనానికి పిలిచి, పటంలో మా ఇల్లు చూపించమన్నాను.

“ఎర్ర రంగు వేసింది మనుషులున్న ఇల్లు, టీచరమ్మా. బూడిద రంగు వేసింది మనుషుల్లేని కట్టడం.”

“మాది?”

“బూడిద.”

“అంటే?”

“ఆవులు.” ఆయన ఒక్క క్షణం ఆలోచించి, నన్ను ఊరడించడానికి, “మంచి ఆవులే అయ్యుంటాయి,” అన్నారు.

“మరి హెక్స్ట్‌లు?”

“హెక్స్ట్ ఒకాయన ఉన్నాడు. ఆవులు మాత్రం ఆయనవి కావు.”

రోలండ్ కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. ఆ తర్వాత చాలా రోజులు, నేను చుట్టాల ముందు గొప్పలు మొదలుపెట్టగానే, బల్ల అవతలి కొస నుంచి మెల్లగా “అంబా” అనేవాడు.

తర్వాత ఒక మార్చి నెలలో రోలండ్ పోయాడు. చర్చి నిండా పూలు. ఇంటి నిండా ఇరుగుపొరుగు తెచ్చిన కేకులు. కొన్నాళ్ళకు పూలు వాడాయి. కేకులు రావడం ఆగాయి. ఆ తర్వాతి మంగళవారం తలుపు చప్పుడైంది.

“టీచరమ్మా, చిన్న ఇబ్బంది వచ్చింది,” అన్నారు యెల్లండ్ గారు గుమ్మంలో నిలబడి. చంకలో పటం చుట్ట. పక్కన కుక్క.

“ఏమిటి డాక్టరు గారూ?”

“మీ వంటింట్లోంచి కాలిబాట పోతోంది.”

“ఎప్పట్నుంచి?”

“పటం గీసినప్పట్నుంచి. నేను చూసుకున్నది నిన్న.”

మా దేశంలో పాత కాలిబాట ఎవరి స్థలంలోంచి పోయినా నడిచేవాళ్ళను ఆపకూడదు. ఆయన కాళ్ళు తుడుచుకున్నారు. కుక్క కాళ్ళు కూడా తుడిచారు. వంటింట్లోంచి నడిచి పెరటి తలుపు దాకా వెళ్ళి ఆగారు. అక్కడున్న కుర్చీని కాస్త జరిపి కూర్చున్నారు.

“ఇదేమిటి?”

“ఇక్కడ కంచె దాటే మెట్టు ఉండాలి. మెట్టెక్కిన మనిషి వెంటనే దిగకూడదు. మోకాళ్ళు ఒప్పుకోవు.”

నేను టీ పెట్టాను. ఇంకేం చెయ్యను? మెట్టు మీద కూర్చున్న మనిషికి ఏదో ఒకటి ఇవ్వాలి.

“బాటసారికి టీ ఇవ్వాలని చట్టంలో ఉందా?” అన్నాను.

“చట్టంలో లేదు. చక్కెర ఒక చెంచా చాలు. రాత్రి ఏం తిన్నారు?”

“ఎందుకు?”

“పళ్ళ కోసం అడుగుతున్నా.”

“బిస్కట్లు.”

“పళ్ళు పాడైపోతాయి. కూర వండుకోవాలి,” అని టీ తాగి, పెరటి తలుపు తీసి, కంచె దాటినట్టు కాలు ఎత్తి అవతల పెట్టి వెళ్ళిపోయారు.

అప్పట్నుంచి మంగళవారం, శుక్రవారం ఇదే తంతు. వానైనా, మంచైనా. మొదట్లో ఒళ్ళు మండేది. ఒకసారి తలుపు తియ్యకుండా లోపల కూర్చున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి కుక్కతో, “బాటకు అడ్డంగా చెట్టేదో పడినట్టుంది. ఎవరైనా తీసేదాకా ఆగుదాం,” అన్నారు. వాన కురుస్తోంది. చెట్టు లేచి వెళ్ళి తలుపు తీసింది. ఇంకా సిగ్గుచేటైన సంగతి, సోమవారం, గురువారం రాత్రుళ్ళు నేను కూర వండుకోవడం మొదలుపెట్టాను. ఆయన అడిగినప్పుడు గర్వంగా చెప్పడానికి. ఇంత వయసొచ్చి, హోంవర్కు చేసుకుంటున్నాను.

ఇలా కొన్నేళ్ళు జరిగాక నాకు అద్దాల గది మీద మనసు పోయింది. పెరటి వైపు గోడకు ఆనించి, ఎండ పడేలా, నాలుగు పూలకుండీలు, ఒక వాలుకుర్చీ. దాని కోసం పెరటి తలుపు మూసి గోడ కట్టాలి. మేస్త్రీ డెన్‌జిల్‌ను పిలిచాను. నా దగ్గర చదువుకున్నవాడే. క్లాసులో ఎప్పుడూ కిటికీలోంచి చూసేవాడు. ఇప్పుడు కిటికీలు పెడుతున్నాడు.

డెన్‌జిల్ వచ్చి గోడ కొలిచాడు. మర్నాడు వచ్చి మళ్ళీ కొలిచాడు. మధ్యాహ్నం డబ్బా తెరిచి మా పెరట్లోనే తిన్నాడు. పనివాళ్ళు ఆలస్యంగా వచ్చి తొందరగా పోతారని అందరూ ఏడుస్తారు. ఇతను తొందరగా వచ్చి, ఎంతకీ పోడు. నా కర్మ అనుకున్నాను.

మంగళవారం యెల్లండ్ గారు గోడ మీద సుద్దగీతలు చూశారు.

“ఇదేమిటి?”

“తలుపు మూసేస్తున్నాం సార్,” అన్నాడు డెన్‌జిల్.

“మూయకూడదు. ప్రజల బాట.”

“ఏ ప్రజలు డాక్టరు గారూ?” అన్నాను నేను. “నడిచేది మీరొక్కరే కదా!”

“ప్రజలు ఒక్కొక్కరుగానే నడుస్తారు, టీచరమ్మా.”

ఆయన వెళ్ళాక డెన్‌జిల్ తల అడ్డంగా ఊపాడు. “ముసలాయనకు మతి చెడింది మేడమ్. ఎవరింట్లోంచైనా బాట పోతుందా?”

నాకు పౌరుషం వచ్చింది. ఊరి కౌన్సిలుకు ఫిర్యాదు రాశాను. కౌన్సిలు అధ్యక్షురాలు డాఫ్నీ స్లగెట్ కూడా నా శిష్యురాలే. దారిలో ఆపి చెప్పింది.

“తేల్చేద్దాం టీచర్. వచ్చే మంగళవారం సాయంత్రం మీటింగు. అసలు పటంలో బాట ఉంటే మీ తలుపు ఉండాల్సిందే. లేకపోతే ఆయన ఇక మీ ఇంట్లోంచే కాదు, ఎవరి ఇంట్లోంచీ నడవకూడదు. అడుగు పెడితే ఊరుకోం.”

“అంతే కావాలి,” అన్నాను. ఎవరి ఇంట్లోంచీ అన్న మాట నా చెవిన పడింది. బుర్రలోకి వెళ్ళలేదు.

యెల్లండ్ గారి దగ్గరున్నది ఆయన చేత్తో గీసుకున్న నకలు. నాకు అసలు కావాలి. బస్సెక్కి ఎక్సెటర్‌లో రికార్డు ఆఫీసుకు వెళ్ళాను. బల్ల దగ్గర ఒకావిడ, మెడలో కళ్ళజోడు.

“చేతిలో ఏమిటది?”

“పెన్ను.”

“పెన్ను లోపలికి రాదు.”

“నేను టీచర్ని.”

“టీచరు రావచ్చు. పెన్ను రాదు,” అని నాకో పెన్సిలు ఇచ్చింది.

మా ఇల్లు ఏదో చెప్పి పటం అడిగాను. అది దుప్పటంత ఉంది. మూలలు లేవకుండా వాటి మీద ఇసుక నింపిన గుడ్డ గొట్టాలు పెట్టింది, నిద్రపోతున్న పాముల్లా ఉన్నాయి. నేను చర్చిని పట్టుకున్నాను. చర్చి నుంచి రోడ్డు పట్టుకున్నాను. రోడ్డు చివర మా ఇల్లు. చూస్తే, ఇంటి నడిమధ్యలోంచి తిన్నగా ఒక గీత.

“అయిపోయింది. ముసలాయనే నెగ్గాడు,” అన్నాను పైకే.

ఆవిడ వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. “అది అతుకమ్మా. రెండు కాగితాలు కలిపి అంటించిన చోటు.”

“ఓహో.”

“ఇంకొకటి. మీరు చూస్తున్నది మీరు చెప్పిన ఇల్లు కాదు. సారాయి దుకాణం. ఈ పటంలో పైనున్నది దక్షిణం.”

“నేను భూగోళం చెప్పేదాన్ని,” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

“ఆ గొట్టం మీద మోచెయ్యి పెట్టకండి,” అంది ఆవిడ, జాలిగా.

బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపు నిలబడ్డాను. ఊరు సర్దుకుంది. మా ఇల్లు ఉంది, బూడిద రంగులో. దాన్ని ఏ గీతా తాకడం లేదు.

“బాటలు వెయ్యలేదా?” అని అడిగాను.

“బాట మీద పంట పండదు. పండనిదానికి పదోవంతు లేదు. అందుకని చాలా పటాల్లో బాటలు ఉండవు. మీ ఊరి సర్వేయరు ఓపికమంతుడు. వేశాడు, అదిగో, చుక్కలు.”

చుక్కల బాట ఒకటే ఉంది. ఏటి ఒడ్డున మొదలై ఏటి ఒడ్డునే పోయింది. ఊరికి ఎడంగా, ఏ గడపా తొక్కకుండా. బుద్ధి ఉన్నవాడు నడిచే దారి.

పటానికి నకలు తీయించుకుని, గొట్టంలో పెట్టుకుని, యుద్ధం గెలిచిన సేనానిలా బస్సెక్కాను. బస్సు తప్పు దిక్కుకు పోయేదని టికెట్ కొన్నాక తెలిసింది.

మీటింగు రోజు పొద్దున యెల్లండ్ గారు మామూలుగానే వచ్చారు. మెట్టు మీద కూర్చున్నారు. రాత్రేం తిన్నారని అడిగారు. కాలెత్తి కంచె దాటారు. ఆయన వెనకే నేనూ బయల్దేరాను. ఆయన ఎక్కడెక్కడ పటం తప్పుతున్నారో అంతా పెన్సిలుతో గుర్తుపెట్టి, సాయంత్రం పదిమందిలో పరువు తీయాలని నా పన్నాగం. చాటుమాటుగా వెంబడించడానికి నేను వేసుకున్నది పసుపుపచ్చ వానకోటు. కుక్క వెంటనే వెనక్కి వచ్చి నాతో కలిసి నడిచింది. యెల్లండ్ గారు మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

సందు దాటి విల్ఫ్ ఎండకాట్ ఇంట్లోకి వెళ్ళారు. విల్ఫ్ ముక్కోపి. అతనితో ఊళ్ళో ఎవరూ మాట్లాడరు, అతనూ మాట్లాడనివ్వడు. నేను గోడ పక్కన నక్కాను. కిటికీ తెరిచే ఉంది.

“మళ్ళీ తగలడ్డావా పళ్ళు పీకేవాడా?”

“బాట ఇటే ఉంది ఎండకాట్. నా చేతుల్లో ఏముంది?”

“తగలెయ్య ఆ బాటను. కూర్చో. టీ చల్లారిపోతోంది. ఎందుకింత ఆలస్యం?”

“రాత్రి ఏం తిన్నావు?”

“నీకెందుకు?”

“పళ్ళ కోసం.”

“నా నోట్లో పళ్ళెక్కడివిరా, అన్నీ నువ్వే కదా పీకింది!”

కప్పులో చెంచా తిప్పిన చప్పుడు.

“అయినా సరే, చెప్పు,” అన్నారు యెల్లండ్ గారు.

“గంజి,” అన్నాడు విల్ఫ్, గొంతు తగ్గించి.

ఆయన అవతలి తలుపులోంచి వెళ్ళిపోయాక నేను లేచి నిలబడ్డాను. విల్ఫ్ కిటికీలోంచి నన్ను చూశాడు. పసుపుపచ్చ కోటును చూడకుండా ఉండటం కష్టం.

“ఏం బెరిల్, నా గోడకు బీటలేమైనా ఉన్నాయా?”

“విల్ఫ్, ఈ బాట నీ ఇంట్లోంచి ఎప్పట్నుంచి పోతోంది?”

“అనాదిగా,” అన్నాడు వెంటనే. కాస్త ఆగి, “మా ఆవిడ ఎడ్నా పోయిన మరుసటి నెల నుంచి,” అన్నాడు. ఆ రెండు మాటల మధ్య అతనికి తేడా ఏమీ కనిపించలేదు.

పటం విప్పాను. విల్ఫ్ ఇంటి నుంచి ఏ బాటైనా తిన్నగా పోతే పాదరీ గారింట్లోకి పోవాలి. ఆ ఇంటి నిండా పిల్లలు, కేకలు, ఎగిరే బంతులు. యెల్లండ్ గారు ఆ ఇంటి చుట్టూ పెద్ద వంపు తిరిగి, అవతల ప్రూడెన్స్ వోస్పర్ కిటికీ దగ్గర ఆగారు. ప్రూడెన్స్ గారికి చెముడు. అక్కగారు పోయాక గడప దాటడం మానేశారు.

“కిందటిసారి చెప్పిందే మళ్ళీ చెప్పకు ఆంబ్రోస్, నాకు వినిపించలేదు!” అని ఆవిడ కేక.

“కిందటిసారి మీరే చెప్పారు! నేను విన్నాను!” అని ఈయన కేక.

“అయితే బాగానే చెప్పుంటాను! అదే మళ్ళీ చెప్తా, కూర్చో!”

అక్కణ్ణుంచి ఏటి వైపు కొత్త ఇళ్ళు. అక్కడ టోబీ అనే కుర్రాడు, చంకలో పసిబిడ్డ. భార్య నౌకాదళంలో ఉంది, నెలల తరబడి సముద్రం మీదే. వాడి గుమ్మంలో యెల్లండ్ గారు బిడ్డను చేతుల్లోకి తీసుకున్నారు. “పోయి మొహం కడుక్కుని కాసేపు నడుం వాల్చు. ఈ మలుపు కొలవడానికి నాకు టైం పడుతుంది. ఈ చిన్న సర్వేయరు గారు గొలుసు పట్టుకుంటారు,” అన్నారు. చిన్న సర్వేయరు గారు ఆయన చొక్కా మీద పాలు కక్కారు.

నేను ఏటి గట్టు మీద కూర్చుని, ఆయన తొక్కిన గడపలన్నీ పెన్సిలుతో కలిపాను. దారి తప్పిన కోడి నడకలా వచ్చింది గీత. ఏ సర్వేయరూ పీకల దాకా తాగినా అలాంటి బాట గీయడు. గుంపున్న ఇంటిని చూస్తే వంపు తిరిగి పోతోంది. ఇంట్లో పలకరించే మనిషి లేకపోతే అక్కడికి మళ్ళీ వస్తోంది.

ఆ గీతలో మా ఇల్లు కూడా ఉంది. ముందు కోపమే వచ్చింది. నేను ఒంటరిదాన్నని ఈయనకు ఎవరు చెప్పారు? నాకేం ఒంటరితనం, వారానికి రెండుసార్లు మా ఇంటికి మనిషి వస్తాడు కదా అనుకున్నాను. ఆ వచ్చేది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. భూగోళమే కాదు, నాకు లెక్కలు కూడా రావు.

సాయంత్రం హాలులో మనుషులు బాగానే చేరారు. మామూలుగా కౌన్సిలు మీటింగుకు కుర్చీలే వస్తాయి. వెనక వరుసలో విల్ఫ్, చేతులు కట్టుకుని. ముందు వరుసలో ప్రూడెన్స్ గారు. గడప దాటి ఎన్నాళ్ళయిందో. పక్కన టోబీ, బిడ్డ. యెల్లండ్ గారు ఒక మూల కూర్చున్నారు. చంకలో పటం లేదు. పటం లేకుండా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. కోటు తొడుక్కోవడం మరిచిపోయిన మనిషిలా ఉన్నారు.

“టీచర్, అసలు పటం చూశారా?” అంది డాఫ్నీ.

“చూశాను.”

“బాట ఉందా?”

యెల్లండ్ గారు తన బూట్లు చూసుకుంటున్నారు. నా అద్దాల గది, వాలుకుర్చీ, పూలకుండీలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఎండ కూడా పడింది.

“ఉంది,” అన్నాను.

“ఎక్కడ? చూపించండి.”

బల్ల మీద పటం పరిచాను. అందరూ మూగారు. పెన్సిలు గీతలు పొద్దున్నే ఏటి దగ్గర తుడిపేశాను. ఉత్త వేలు పెట్టి చూపించాను. “ఇక్కడ మొదలు. ఇలా మా వంటిల్లు. ఇలా ఎండకాట్ ఇల్లు. ఇక్కడ వంపు. వోస్పర్ కిటికీ. ఇక్కణ్ణుంచి దిగువకు.”

డాఫ్నీ ముక్కు పటానికి ఆనేలా వంగింది. “అక్కడ గీతేమీ లేదు కదా టీచర్?”

“డాఫ్నీ, నా క్లాసులో నువ్వు ఎక్కడ కూర్చునేదానివి?”

“చివరి వరుసలో టీచర్.”

“భూగోళంలో మార్కులు ఎన్ని వచ్చేవి?”

డాఫ్నీ మొహం ఎర్రబడింది. మళ్ళీ వంగి చూసింది. “ఇప్పుడు కనిపిస్తోంది టీచర్.”

“నాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది!” అన్నాడు విల్ఫ్ వెనక వరుస నుంచి, కళ్ళజోడు లేకుండా.

“ఏమంటున్నారు? ఏమంటున్నారు?” అని ప్రూడెన్స్ గారు.

“బాట ఉందట!” అని టోబీ ఆవిడ చెవిలో అరిచాడు. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

“ఉండకేం! నా కిటికీ అవతలే కదా!”

తీర్మానం రాసేశారు. బాట ఉంది, నడవవచ్చు, ఎవరూ మూయకూడదు. ఊరి కౌన్సిలు ఇంత తొందరగా ఏదీ తేల్చలేదు.

బయటికి వచ్చాక యెల్లండ్ గారు నా పక్కన నడిచారు. పోస్టాఫీసు ముందు ఇద్దరం గుంట చుట్టూ తిరిగాం.

“అసలు పటంలో దక్షిణం పైకి ఉంటుంది. చూసుకున్నారా టీచరమ్మా?”

“చూసుకున్నాను.”

“నడుమ అతుకు ఒకటి ఉంటుంది.”

“అదీ చూశాను.”

“ఏటి ఒడ్డున చుక్కలుంటాయి.” ఈ మాట ఆయన చాలా మెల్లగా అన్నారు.

“ఏ చుక్కలు?” అన్నాను.

ఆయన ఆగి నా మొహంలోకి చూశారు. నోట్లో పుచ్చుపన్ను వెతికే చూపు. ఏమీ దొరికినట్టు లేదు. “మీకు పటం చదవడం వచ్చేసింది,” అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే డెన్‌జిల్ వచ్చాడు.

“తలుపు మూయొద్దు. గది మధ్యలోంచి బాట పోవాలి. అటు ఒక తలుపు, ఇటు ఒక తలుపు పెట్టు,” అన్నాను.

“మీరు కూడానా మేడమ్!” అన్నాడు. గొణుగుతూ టేపు తీశాడు. గోడ కొలిచాడు. టేపు చుట్టాడు. వెళ్ళలేదు.

“మేడమ్.”

“ఏమిటి?”

“ఆ బాట దిగువ సందు వైపు ఏమైనా పోతుందా?”

“ఎందుకు?”

“ఏం లేదు, ఊరికే. నా చక్రాల ఇల్లు, ఆ క్యారవాన్, అక్కడే కదా నిలిపాను. రేచెల్ నన్ను వదిలి వెళ్ళిపోయినప్పట్నుంచి అందులోనే ఉంటున్నా.” టేపు కొస లాగి వదిలాడు, లాగి వదిలాడు. “బాటకు అడ్డమైతే పక్కకు జరుపుదామని అడుగుతున్నా. అంతే.”

నేను వంటింటి బల్ల మీద పటం పరిచాను. దిగువ సందు పక్కన ఒక మడి. దాని పేరు ఆకలి చెక్క. చుట్టూ గట్టు, మధ్యలో అంకె, మిగిలిందంతా తెల్ల కాగితం. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాను.

“పోతోంది. నీ తలుపు ముందునుంచే.”

“జరపమంటారా మేడమ్?”

“వద్దు. సర్వేయరు చూపించిన చోటే ఉంది. డాక్టరు గారికి అంత దూరం మోకాళ్ళు రావు. ఆ ముక్క నేను నడుస్తాను. శుక్రవారం పొద్దున వస్తా.”

డెన్‌జిల్ తలూపాడు. సిమెంటు కలపడానికి పెరట్లోకి వెళ్ళాడు. కాసేపటికి ఈల వినిపించింది. ఏ పాటో పోల్చుకోలేకపోయాను, అంత తప్పుగా వేస్తున్నాడు. కిటికీ తెరిచే ఉంచాను.